పియానో సాధనకు తగిన వేగము

చేతికి మఱపు లేదు. ఒప్పును నేర్పిన ఒప్పును, తప్పును నేర్పిన తప్పును అది సమానముగనే దాచుకొనును. పియానోనైనను, కీబోర్డునైనను అభ్యసించువారు ఈ యొక్క సంగతిని మొదటనే గ్రహించినచో వారి శ్రమ చాల తగ్గును.

మన ప్రాంతమున చేతిపనికి కొదువ లేదు. కోరుట్ల, జగిత్యాల పట్టణములలో నెందఱో స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబములను పోషించుచున్నారు. వేయి బీడీలకింత యని కూలి లెక్కించెదరు గావున వారికి వేగము కూటితో ముడిపడిన విషయము. అయినను, క్రొత్తగా నేర్చుకొనువారికి మొదట వేగమును నేర్పరు. తునికాకును కత్తిరించుట, పొగాకును సమముగ పఱచుట, చుట్టుట, దారము కట్టుట అను పనులను నెమ్మదిగ చేయించెదరు. వ్రేళ్లకు దారి తెలిసిన పిదపనే వేగమును గూర్చిన మాట.

నేను పియానో నేర్చుకొను దినములలో ఈ వివేకమును మఱచితిని. బీథోవెన్ 1810వ సంవత్సరమున రచింపగా, అతని మరణానంతరము 1867లో ముద్రితమైన ‘ఫ్యూర్ ఎలీజె’ యను చిన్న కృతి నాకు మిక్కిలి ప్రియము. దాని ఆరంభము సులభము. ఒక తెల్లమెట్టును, దాని ప్రక్కనున్న నల్లమెట్టును మార్చి మార్చి నొక్కుటతో రాగము మొదలగును. దానిని నేను త్వరలోనే చక్కని వేగముతో వాయింపగలిగితిని. కాని కొంత దూరము సాగిన తరువాత, కుడిచేతి స్వరములు రెట్టింపు వేగముతో పరుగిడు చోటు కలదు. ప్రతిదినమును అచ్చట తడబడి, ఆగి, మరల మొదటినుండి ప్రారంభించుచుంటిని. తుదకొక సభలో వాయించునపుడు సరిగా ఆ చోటనే నా చేతులు నిలిచిపోయినవి. తలదించుకొని దిగి వచ్చితిని. నేను నెలల తరబడి సాధన చేసినది ఆ కృతిని గాదు, ఆగిపోవుటను అని ఆనాటి రాత్రి నాకు తోచెను.

ఇందలి దోషమేమి? కృతియందు సులభమైన భాగమును బట్టి వేగమును నిర్ణయించుకొంటిని. మన సంగీతము నేర్చినవారికి ఇది సులభముగ బోధపడును. సరళీస్వరములను మూడు కాలములలో అభ్యసించెదరు గదా. తాళము మారదు, మొదటి కాలమున అక్షరమునకు ఒక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు పలుకును. ఈ పాఠక్రమమును పురందరదాసు (1484–1564) ఏర్పఱచెనని సంప్రదాయము. రెండవ కాలము పాడవలసినవాడు మొదటి కాలమునందే తాళమును పరుగెత్తించినచో ముందు ఊపిరి చాలదు. నేను చేసినదియు అదియే. కనుక కృతియందు అన్నిటికంటె కఠినమైన చోటును ముందుగా వెదకి, అచ్చట ఏ వేగము సాధ్యమో ఆ వేగముననే మొత్తమును ఆరంభింపవలయును.

అది తగిన వేగమని తెలిసికొనుట కెట్లు? మూడు గుర్తులు కలవు. ఒకటి, వరుసగా మూడుమార్లు తప్పు లేకుండ వాయింపగలుగుట. రెండు, మెట్టును నొక్కక ముందే రాబోవు స్వరము మనస్సునకు తెలియుట. మూడు, భుజములు బిగియక, ఊపిరి సాఫీగ సాగుట. ఈ మూటిలో ఏది లేకున్నను వేగము హెచ్చైనదని యెఱుగవలెను.

వేగమును పెంచుటకు మెట్రోనోము అను లయయంత్రము తోడ్పడును. దీనికి యోహాన్ మేల్జెల్ 1815లో పేటెంటు పొందెను. ఇప్పుడు చేతిఫోనులయందును ఇది లభించుచున్నది. పాత యంత్రముపై అంకెలు 60, 63, 66, 69, 72 అని మూడేసి చొప్పున సాగి, ఆపైన 76, 80 అని నాలుగేసి, 120 దాటిన పిదప 126, 132 అని ఆరేసి చొప్పున పెరుగును. వేగము హెచ్చిన కొలది అడుగును పెద్దదగుటచే, చేతికి ప్రతి మెట్టును ఇంచుమించు ఒకే విధమైన చిన్న మార్పుగ తోచును. మూడు గుర్తులును కుదిరినపుడు ఒక అంకె పైకి పోవలెను. తడబడినచో రెండు అంకెలు క్రిందికి దిగవలెను. దిగుటకు సిగ్గుపడరాదు.

అయితే ఒక హెచ్చరిక. ఎల్లప్పుడును మెల్లగనే వాయించినను చాలదు. నడక నేర్చినంత మాత్రమున పరుగు రాదు. మెల్లగ పోవునపుడు ఏ వ్రేలితో నొక్కినను సాగును గాని, వేగమున ఆ వ్రేళ్ల వరుసయే అడ్డుపడవచ్చును. కనుక కఠినమైన చోటునుండి నాలుగైదు స్వరములను మాత్రము తీసికొని, నిజమైన వేగమున వాయించి చూచి, వ్రేళ్ల వరుసను ముందుగానే నిశ్చయించుకొనవలెను. పిమ్మట ఆ వరుసతోనే మెల్లని సాధనకు మరలవలెను.

నేనును మరల 60తో మొదలిడి, ఆ కృతిని క్రొత్తగా నేర్చుకొంటిని. తప్పును మఱపించుటకు పట్టిన కాలము మొదట నేర్చుకొనుటకు పట్టిన కాలముకంటె ఎక్కువయ్యెను.

సిరిసిల్ల వీథులలో సాంచలని పిలుచు మరమగ్గముల చప్పుడు మీరు వినియుందురు. పడుగునందొక పోగు తెగినచో నేతపనివాడు సాంచను నిలిపి, పోగును అతికి, మరల నడుపును. నిలుపకున్నచో గుడ్డ వేగముగనే పెరుగును గాని, లోపమును దానితోపాటు గజముల కొలది సాగిపోవును. మీ సాధనయందును పోగు తెగిన చోట నిలుపుడు. అట్లు నిలిపిన కాలము వ్యర్థము గాదు.