పొరుగింటి కుక్క

మొరిగే కుక్క కరవదని మనలో నొక సామెత కలదు. కాటునకు భయపడువానికి ఈ మాట ధైర్యము నీయవచ్చును గాని, రాత్రి రెండు గంటలవేళ నిద్రకు మొగము వాచి ప్రక్కయింటి గోడవైపు చూచుచు కూర్చున్నవానికి ఏమాత్రమును ఊరట నీయజాలదు. అతనికి కరచు కుక్కతో పేచీ లేదు. మొరుగు కుక్కతోనే పేచీ. గోడకు గోడ ఆనించి యిండ్లును, అంతస్తుమీద అంతస్తును కట్టుకొనుచున్న యీ దినములలో ఇట్టి పేచీ లేని వీథి అరుదు. కావున శ్రోతలారా, కుక్క యేల మొరుగును, అది తగ్గుటకు యజమానియు పొరుగువాడును చేయదగిన దేమి, అను రెండు విషయములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

కుక్క తోడేలు సంతతిలోనిదని మీరు వినియే యుందురు. మానవుడు దానిని మచ్చిక చేసికొని సుమారు 15,000 సంవత్సరములైనను అయియుండును. తోడేలు మొరుగుట అరుదు. కుక్కయన్ననో, మనుష్యుల నడుమ మసలి మసలి, మొరుగుటను పది విధములైన పనులకు వాడుకొనుచున్నది. 2005వ సంవత్సరమున హంగరీ దేశపు శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనమును ప్రకటించిరి. వేర్వేరు సందర్భములలో కుక్కలు మొరిగిన ధ్వనులను యంత్రమున పట్టి, మనుష్యులకు వినిపించి, ఏది యే సందర్భములోనిదో చెప్పుడని యడిగిరి. కుక్కలను పెంచినవారే కాక, ఎన్నడును పెంచనివారు సైతము చాలవరకు పోల్చుకొనగలిగిరి. క్రొత్తవానిని చూచి మొరుగునపుడు గొంతు బొంగురుగా, వెంటవెంటనే వచ్చును. ఒంటరిగా విడిచినపుడు సన్నగా, హెచ్చు స్థాయిలో, తెరపి యిచ్చి యిచ్చి వచ్చును. ఈ భేదము తెలిసినవాడు గోడ కీవలనుండియే సగము రోగనిర్ణయము చేయగలడు.

మొదటి విధమును ముందుగా చూతము. తపాలా బంట్రోతు గుమ్మము కడకు వచ్చును; కుక్క మొరుగును; అతడు ఉత్తరము నిచ్చి వెడలిపోవును. అతడు తన పని ముగిసి పోయెనని మనకు తెలియును. కుక్కకు మాత్రము తన మొరుగుడు చేతనే పారిపోయెనని తోచును. ప్రతిదినమును తనకే జయము కలుగుచుండగా అది యేల మానును? పాలవాడు, పేపరు కుఱ్ఱవాడు, వీథికుక్క, అందరి విషయమునను ఇదే వరుస. యజమాని లోపలినుండి “ఛీ, నోరుముయ్యి” అని కేక వేసినచో, తనకు తోడుగా అతడును మొరుగుచున్నాడని అది భావింపవచ్చును. ఇందులకు మందు సులభము. వీథి కనబడు గేటు కమ్ములకు తడిక గాని రేకు గాని కట్టవలెను. కుక్కను లోపలికి పిలిచి, ఊరకున్న క్షణమున ఒక రొట్టెముక్క పెట్టవలెను. మౌనమునకు ఫలమున్నదని తెలిసిన కుక్క మౌనమును నేర్చుకొనును.

రెండవ విధము కట్టివేసిన కుక్కది. దినమంతయు నాలుగడుగుల గొలుసుతో నుండు జంతువునకు పరుగు లేదు, వాసన చూచుటకు క్రొత్త చోటు లేదు. దాని బలమంతయు గొంతులోనికి వచ్చును. ఉదయమును సాయంకాలమును చక్కగా త్రిప్పుకొని వచ్చుటయే దానికి చికిత్స. ముసలికుక్క రాత్రులందు కారణము లేక అరచినచో పశువైద్యునకు చూపవలెను. నొప్పి వలనను, చూపు వినికిడి తగ్గుట వలనను, మతిభ్రమ వలనను అట్లు జరుగుచుండును.

మూడవది ఒంటరితనము వలన కలుగునది. తగవుల కెల్ల మూలము తరచుగా నిదియే. ఏలయన, ఈ మొరుగుటను వినుటకు అవకాశము లేనివాడు దాని యజమాని యొక్కడే. అతడు వెడలిన పిమ్మట అది మొదలగును; అతడు వచ్చుటతో ఆగిపోవును.

మా వీథిలో ఆలుమగ లిరువురును ఉద్యోగస్థులైన కుటుంబ మొకటి కలదు. వారి ప్రక్కవాటాలో ఆసుపత్రిలో రాత్రివేళ పని చేసి వచ్చి పగలు నిద్రించు నర్సు కాపురమున్నది. ఆమెకు నిద్ర లేదు. రోగులకు మందు కొలుచునపుడు చేయి వణకుచున్నదని మాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఆమె రెండు పర్యాయములు గోడమీదుగా కేకలు వేసినది. ఆ గృహస్థు “మా కుక్క నోరు విప్పగా మేమెన్నడును వినలేదు” అని బదులు చెప్పెను. అబద్ధమాడెనని ఆమె అనుకొన్నది. అతడు చెప్పినది అక్షరాల నిజము.

నేనామెను ఎనిమిది దినములు వేళలు వ్రాసి పెట్టుమంటిని. ప్రతిదినమును వారు తాళము వేసిన పావుగంటకు మొదలు, పండ్రెండు దాటువరకు. ఆదివారము సాయంకాలము, అందరును స్థిమితముగా నున్న వేళ, ఆ కాగితము గైకొని ఇరువురము వారి యింటికి పోతిమి. నేను ముందుగా హెచ్చరించి యుంటిని గనుక, ఆమె మొరుగుచున్నదను మాట యెత్తలేదు. “అన్నగారూ, మీరు వెళ్లిన తరువాత అది మధ్యాహ్నము దాకా ఏడుస్తున్నది, దానికేమి బాధయో చూడండి” అన్నది. మరునాడతడు చేతి టెలిఫోనును ధ్వని పట్టునట్లు అమర్చి యింట విడిచి పోయెను. ఆ రాత్రి దంపతులు ఆ యేడుపును తమ చెవులతో వినిరి. అటుపైని ఎవరును వారికి చెప్పవలసిన పని లేకపోయినది.

వారు చేసినది చెప్పెదను. బయలుదేరుటకు ముందు కుక్కను అరగంట త్రిప్పిరి. కొరుకుటకు ఎముక నిచ్చిరి. సెలవు దినములలో ఒక నిముషము, రెండు నిముషములు, అయిదు నిముషములు బయట నిలిచి, అది బెదరకముందే తిరిగి వచ్చుచు, యజమాని పోయినను మరల వచ్చునను నమ్మకము కలిగించిరి. వచ్చిన పిదప దండించుట కూడదు. గడచిన గంటల యేడ్పునకు ఇప్పుడు దెబ్బ పడినదని కుక్క కెరుక గాదు. రెండు మాసములు గడచునప్పటికి మూడు గంటల యేడుపు పావుగంటకు దిగినది. పూర్తిగా పోలేదు. ఆ పావుగంటను ఆ నర్సు సహించుచున్నది, ఏలయన అవతలివారు పాటుపడుచున్నారని ఆమె యెరుగును.

ఇక చట్టము మాట. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి పది మొదలు ఉదయ మారు వరకు 45 డెసిబెల్లులు పరిమితి. పెద్దకుక్క దగ్గర మొరిగిన 80 దాటుట సులభము. పదుగురికి ఉపద్రవమైనపుడు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ విభాగము ననుసరించి మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ప్రకటించిన సూచనలు ఇరువురికిని చెప్పినవి: మొరుగుట కుక్కకు సహజము గనుక పొరుగువారు కొంత ఓర్వవలెను, ఎడతెగని మొరుగుడు, ముఖ్యముగా రాత్రివేళ, లేకుండ యజమాని ప్రయత్నింపవలెను. విసిగి విషము పెట్టువాడు మాత్రము భారతీయ న్యాయ సంహిత 325వ విభాగము క్రింద అయిదేండ్ల వరకు చెరసాలకు పాత్రుడగును.

విషము పెట్టకున్నను, కక్షతో ఎదురు రొద చేయువారు కలరు. వారు లండను నగరమున 1893లో తీర్పైన క్రిస్టీ, డేవీల వ్యాజ్యెమును తెలిసికొనవలెను. క్రిస్టీవారి యింట సంగీతపాఠములు జరుగుచుండెను. ప్రక్కయింటి డేవీ, ఆ ధ్వనిని మొదట కుక్క యూళ యనుకొని ఓర్చుకొంటిననియు, తీరా అది మనిషి పాట యని తెలిసినదనియు ఎగతాళిగా జాబు వ్రాసెను. పిమ్మట వారు పాడునపుడెల్ల పళ్లెములు మ్రోగించి, గోడ బాది, ఈలలు వేసెను. అది కేవలము పొరుగువారిని బాధించుటకే చేసినదని న్యాయమూర్తి యెంచి, అతనినే మానుమని శాసించెను. బాధపడిన పక్షమున ఉన్నవాడు కక్షచే అపరాధి పక్షమునకు మారినాడు.

మన మహాభారతమున ఆదిపర్వమునందును ఒక కుక్కపిల్ల తగవు కలదు. జనమేజయుని తమ్ములు యజ్ఞశాలకు వచ్చిన సారమేయుని తప్పు లేకయే కొట్టిరి. తల్లియైన సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని మొదట అడిగినది. వ్యాసభారతమున ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. శాపము పిదప వచ్చినది.

కనుక అడుగువారు శాంతముగా పగటివేళ అడుగుడు. అడుగబడినవారు తలుపు తీసి వినుడు. మీ కుక్క మీరు లేనపుడు ఏమి చేయునో తెలిసినది మీ పొరుగువారికే గదా.