పొట్టలో పురుగు మనల్ని ఎలా ఏమారుస్తుంది?

'పోయినేడు మింగిచ్చాం గదక్కా, మళ్ళీ ఎందుకంట?'

కనిగిరిలో మా వీధి అంగన్‌వాడీ దగ్గర నులిపురుగుల మాత్రలిచ్చే రోజున ఎవరో ఒక తల్లి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిందే కూడా. తట్టు ఒకసారి పోస్తే మళ్ళీ రాదంటారు. మరి పురుగులు మాత్రం మాత్ర వేసినప్పుడు పోయి, ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ ఎలా వస్తున్నాయి? ఒంట్లో రోగనిరోధక శక్తి అనేది ఒకటుందిగా, అదేం చేస్తున్నట్టు?

అది ఊరికే ఏమీ కూర్చోదు. పురుగు దిగిందని తెలియగానే పేగులో జిగురు ఎక్కువగా ఊరుతుంది, నీరు చేరుతుంది, పేగు గట్టిగా కదులుతుంది. నీళ్ళు కుమ్మరించి చీపురుతో ఊడ్చినట్టే అనుకోండి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలూ పెరుగుతాయి. పరీక్ష కాగితంలో ఆ అంకె ఎక్కువుంటే డాక్టర్లు పురుగుల్ని అనుమానించేది అందుకే. ఇంత చేసినా అది నెలలూ ఏళ్ళూ లోపలే కాపురం పెడుతోందంటే, దాని తెలివి మామూలుది కాదు.

ఏలికపామునే తీసుకోండి. 'మాంసం తింటే అరుగుద్ది గదా, ఆ పాము ఎందుకు అరగదే?' అని మా పిన్ని ఒకసారి అడిగింది. మన జీర్ణరసాలను పనిచేయనివ్వని పదార్థాలను అది తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. అలా అరగకుండా ఉండి, రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది!

కొంకిపురుగుది ఇంకో దారి. దాని పిల్లలు తడి మట్టిలో పొంచి ఉండి, చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరతాయి. రక్తంలో పడి ఊపిరితిత్తులకు, అక్కణ్ణుంచి గొంతులోకి, గుటకతో పేగులోకి చేరతాయి. పేగు గోడను కరిచి రక్తం పీలుస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఒక పదార్థాన్ని వదులుతాయి కనుక, పురుగు చోటు మారినా పాత గాయం కాసేపు కారుతూనే ఉంటుంది.

మా వైపు నుంచి గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళే ఆడవాళ్ళను చూస్తుంటాను. పొలం దగ్గరే మకాం, బయటికి వెళ్ళాల్సిందీ ఆ గట్ల వెంటే. అలా వెళ్ళొచ్చిన మా వీధి ఆవిడ ఒకామె నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. చూపించుకున్న చోట టానిక్కు రాసి పంపారు. సీసాలు ఖాళీ అయ్యాయిగానీ రక్తం పట్టలేదు. వేరే డాక్టరమ్మ మలపరీక్ష చేయిస్తేగాని అసలు సంగతి బయటపడలేదు. కుండకు అడుగున చిల్లి ఉంటే పైనుంచి ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

అన్నిటికంటే ఆశ్చర్యం, పురుగు మన ఒంటితో మాట్లాడే తీరు. మన ఒంట్లో కాపలా కణాలు మరీ రెచ్చిపోకుండా 'ఇక చాలు, ఆగండి' అని చెప్పే పదార్థం ఒకటుంది. దాని పేరు టీజీఎఫ్-బీటా. ఎలుకల పేగులో బతికే ఒక పురుగు అచ్చం ఆ పని చేసే ప్రొటీన్‌ను వదులుతోందని స్కాట్లండులో రిక్ మైజెల్స్ బృందం 2017లో ప్రకటించింది. రూపంలో దీనికీ దానికీ పోలికే లేదు. తాళం మాత్రం అదే తెరుచుకుంటుంది. మారుతాళంచెవి అన్నమాట! అదే పురుగు ఇంకో ప్రొటీన్‌తో, గాయపడ్డ పేగు పంపే ప్రమాద సంకేతాన్ని కూడా పట్టి ఆపేస్తుంది. మనుషుల్లోని కొంకిపురుగులు కూడా కాపలాను ఇలా జోకొట్టే పదార్థాలు వదులుతాయి. పేగు వాపు జబ్బులకు వీటిలోంచే మందు తీయాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు, అది వేరే కథ.

కాపలా జోగుతుంటే దొంగ ముఖం గుర్తుండదు. తట్టు విషయంలోలాగా గట్టి రక్షణ ఏర్పడదు. ఆల్బెండజోల్ మాత్ర ఆ రోజుకి లోపలున్న పురుగుల్ని చంపుతుంది, రేపు దూరబోయే వాటిని ఆపలేదు. మనుషుల కోసం టీకా ఇంకా వాడకంలోకి రాలేదు. మళ్ళీ మళ్ళీ మింగించేది అందుకే.

ఓపిక పట్టడం కూడా పురుగుకు తెలుసు. ఒక రకం కొంకిపురుగు పిల్లలు ఒంట్లోకి దూరాక వెంటనే పేగుకు రాకుండా, ఎక్కడో కండలో పడుకుని వానాకాలం దాకా ఆగుతాయని 1973లో బెంగాల్ పల్లెల్లో జరిపిన పరిశోధన తేల్చింది. ఎండిన నేల మీద గుడ్లు పడితే దండగ కదా! గొర్రెలున్న ఇళ్ళవాళ్ళకి ఇది వింతగా తోచకపోవచ్చు. ఈనే రోజుల్లో తల్లిగొర్రెకు నిరోధక శక్తి తగ్గుతుంది. అదను చూసుకుని నట్టలు గుడ్లు పెంచేస్తాయి. పుట్టిన పిల్లలు గడ్డి కొరికే వేళకు పచ్చికలో సిద్ధంగా ఉంటాయి.

జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం 2015లో మొదలైంది. ఏటా ఫిబ్రవరి 10న, చాలా రాష్ట్రాల్లో ఆగస్టులోనూ మాత్ర ఇస్తారు. రెండేళ్ళు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాములది ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ళ వాళ్ళకు సగం. పసివాళ్ళకు పొడి చేసి నీళ్ళలో కలిపివ్వాలి, పెద్ద పిల్లలు నమిలి మింగాలి. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో వేయరు, ఆ తర్వాత డాక్టరు సలహాతో వేస్తారు.

అయితే ఆ మాత్ర ప్రధానంగా 19 ఏళ్ళ లోపు వాళ్ళకే. పిల్లాణ్ణి చంకనేసుకుని వరసలో నిలబడ్డ తల్లి, నిన్నటిదాకా వట్టికాళ్ళతో మిరపచేలో తిరిగొచ్చిన మనిషి, వాడికి మాత్ర వేయించుకుని ఇంటికెళ్ళిపోతుంది. 'నీ సంగతేంటమ్మా, రక్తపరీక్ష చేయించుకున్నావా?' అని అక్కడ ఎవరైనా అడగ్గా నేనైతే వినలేదు.