కూర్చుని తినే హోటలు మూతపడితే...

మీ వీధి చివర ఏళ్ళ తరబడి నడుస్తున్న టిఫిను హోటలు ఒకటి ఉందనుకోండి. మనం ఆడవాళ్ళం దాన్ని ఎప్పుడు తలుచుకుంటాం? పిండి పులియని రోజునో, గ్యాసు అయిపోయిన పూటో, చుట్టాలు చెప్పకుండా దిగినప్పుడో. "నాలుగు ప్లేట్ల ఇడ్లీ పట్టుకురండి" అని గిన్నె చేతికిచ్చి పంపుతాం. అంతే! అది మూతపడిందని తెలిస్తే "అయ్యో, చట్నీ ఎంత బాగుండేదో" అనుకుని ఊరుకుంటాం. కానీ ఇంట్లో డెబ్భై దాటిన మామగారో నాన్నగారో ఉంటే మాత్రం సంగతి చట్నీతో పోదు. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెన్షనర్ల పేట

మేముండేది బెంగుళూరు మల్లేశ్వరంలో. నా పుట్టిల్లు హిందూపురం. పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ పేటకో కథ ఉంది. 1898లో బెంగుళూరులో ప్లేగు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారట. ఆ ఇరుకు సందుల్లోంచి జనాన్ని గాలీ వెలుతురూ ఉన్నచోటికి మార్చాలని వేసిన కొత్త పేటల్లో బసవనగుడి ఒకటి, మా మల్లేశ్వరం ఒకటి. కాడు మల్లేశ్వరస్వామి గుడి పేరే పేటకీ వచ్చింది.

బెంగుళూరుకి ఒకప్పుడు 'పెన్షనర్ల స్వర్గం' అని పేరు. చల్లని గాలి, చెట్ల నీడ, మంచి ఆసుపత్రులు. ఉద్యోగం అయిపోగానే చాలామంది ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడేవారు. తర్వాత సాఫ్టువేరు కంపెనీలు వచ్చాయి, ఊరు మారిపోయింది. అయినా మా వీధుల్లో పొద్దున ఆరింటికి చూడండి, మంకీ క్యాపులూ, చేతికర్రలూ, కాన్వాసు బూట్లూ! పిల్లలు అమెరికాలో ఉంటే ఇంటికి కాపలా ఉంటున్న ముసలి దంపతులు కొందరు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపుల నుంచి ఊరూ ఇల్లూ వదులుకుని కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి ఉంటున్న మన తెలుగువాళ్ళు ఇంకొందరు. మా మామగారు ఈ రెండో రకం. బడిపంతులుగా రిటైరయ్యారు. అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు.

డెబ్భై ఏళ్ళ హోటలు

మా సంపిగె రోడ్డులో (సంపిగె అంటే మన సంపెంగేనండీ) న్యూ కృష్ణ భవన్ అని ఒక హోటలుండేది. 1954లో పెట్టారు. బటన్ ఇడ్లీకి పెట్టింది పేరు. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి, చిట్టి చిట్టి ఇడ్లీలు సాంబారులో తేలుతూ వచ్చేవి. రాగి దోసె, ఆకుపచ్చ మసాలా పట్టించిన ఇడ్లీ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. 2023 డిసెంబరు 6న ఆ హోటలు మూసేశారు. ఆ సంగతి ముందే పత్రికల్లో రావడంతో, ఆఖరిసారి తినిపోదామని వచ్చిన జనంతో రోడ్డు నిండిపోయింది.

ఇలా మూతపడింది ఇదొక్కటే కాదు. ఇదే బెంగుళూరులో ఎం.జి. రోడ్డు మీది ఇండియా కాఫీ హౌసు 2009లో పాత చోటు వదిలి పక్కనే చర్చి స్ట్రీటుకి మారాల్సి వచ్చింది. చెన్నైలో 1962 నుంచి చెట్ల నీడన నడిచిన ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 2008లో మూతపడింది. ఆ స్థలంలో 2010లో సెమ్మొళి పూంగా అనే తోట వెలిసింది. తోట బాగుంది, కాదనను. కాని గంటల తరబడి కబుర్లాడుకుంటూ కాఫీ తాగిన పెద్దవాళ్ళ బల్లలు మళ్ళీ రాలేదు.

ఎందుకు మూతపడతాయంటారా? లెక్క మనకి తెలియనిదేం కాదు. మనింటికి వచ్చే సిలిండరు 14.2 కిలోలు, హోటలుది 19 కిలోలు. దాని ధర వేరు, అది పెరిగే తీరు వేరు. మినప్పప్పు, నూనె పెరిగినంత వేగంగా ఇడ్లీ ధర పెంచితే గిరాకీ పోతుంది. రుబ్బేవాళ్ళు, కడిగేవాళ్ళు దొరకరు. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి వెళ్ళిపోతే తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడేదెవరు? అన్నిటికంటే పెద్దది స్థలం విలువ. మా సంపిగె రోడ్డు చివర 2010లో పెద్ద మాల్ వచ్చింది, 2014లో మెట్రో రైలు వచ్చింది. అలాంటి చోట ఇడ్లీలమ్మి సంపాదించేదానికీ, స్థలం అమ్మితే వచ్చేదానికీ పొంతనే ఉండదు. కనుక యజమానులని తప్పుపట్టే పని లేదు. మనం ఆలోచించాల్సింది మన ఇంటి పెద్దవాళ్ళ గురించి.

బల్ల దగ్గర నలుగురు

మామగారికి ఇక్కడ ముగ్గురు స్నేహితులు కుదిరారు. ఒకాయన బ్యాంకులో చేసిన కన్నడాయన, ఒకాయన రైల్వేలో చేసిన తమిళాయన, ఇంకొకాయన మన తిరుపతి వైపు మనిషి. నలుగురూ పొద్దున్నే నడిచి, వారంలో మూడు రోజులు ఆ హోటల్లో కూర్చునేవారు. బెంగుళూరులో 'బై టూ' అని ఒక పద్ధతుంది. ఒక కాఫీ చెబితే రెండు లోటాల్లో సగం సగం పోసి తెస్తారు. మా వాళ్ళు నలుగురికీ రెండు కాఫీలు. ఒక పేపరు నాలుగు ముక్కలు. గంట సేపు!

హోటలు మూతపడ్డ కొత్తలో మామగారు ఏమీ అనలేదు. మెల్లగా నడకకి వెళ్ళడం మానేశారు. అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. అన్నం దగ్గర మాటలు తగ్గాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. మావారు షుగరు పరీక్ష చేయించారు, అంతా బాగానే ఉంది.

మల్లేశ్వరంలో హోటళ్ళకి కరువా అంటే, లేదు. పేరున్నవి ఇంకా ఉన్నాయి. కాని పొద్దున పూట పేరున్న చోట్ల కుర్చీ కోసం బారులు తీరాలి. మిగతావి చాలామటుకు నిలబడి తినేవి. 1980ల నుంచి బెంగుళూరులో 'దర్శిని' హోటళ్ళు వచ్చాయి. టోకెను తీసుకోవాలి, ప్లేటు అందుకోవాలి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తిని వెళ్ళిపోవాలి. ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళకి అవి వరాలే. శుభ్రంగా ఉంటాయి, ధరా తక్కువే. కాని ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో వేడి సాంబారు ప్లేటు పట్టుకుని డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి నిలబడి ఎలా తింటారు చెప్పండి? కూర్చునే హోటలుకీ, నిలబడే హోటలుకీ ఉన్న తేడా మోకాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇంతలో ఇంకోటి జరిగింది. ఆ బ్యాంకు ఆయన ఒంటరిగా ఉంటారు. కొడుకు విదేశంలో. ఒకరోజు తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడ్డారు. పదకొండు గంటలకి వంటమనిషి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. తుంటి ఎముక విరిగింది. ఆ హోటలు నడిచే రోజుల్లో ఆయన ఏడింటికి రాకపోతే ఏడుంపావుకి ముగ్గురూ ఫోను చేసేవాళ్ళు, ఎత్తకపోతే ఇంటికి నడిచేవాళ్ళు. నాకు విషయం అప్పుడు బోధపడింది. ఆ బల్ల టిఫినుకి మాత్రమే కాదు, రోజూ జరిగే హాజరు పట్టీ కూడా.

టిఫిను ఇంట్లో చేయొచ్చు

రుచి సంగతైతే మనకి కష్టం కాదు. బటన్ ఇడ్లీ ప్లేట్లు పాత్రల షాపులో దొరుకుతాయి. మామూలు ఇడ్లీ పిండే, కొంచెం గట్టిగా ఉండాలి. చిన్నవి కనుక ఆరేడు నిమిషాల ఆవిరి చాలు, ఎక్కువైతే గట్టిపడతాయి. సాంబారు పల్చగా, పొగలు కక్కుతుండాలి. పైన ఒక చెంచా నెయ్యి. పళ్ళు లేని పెద్దవాళ్ళు కూడా హాయిగా తింటారు.

రాగి దోసెకి ఒక కప్పు మినప్పప్పు, అర చెంచా మెంతులు, పావు కప్పు అటుకులు నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి. మూడు కప్పుల రాగిపిండి, అర కప్పు బియ్యప్పిండి, ఉప్పు కలిపి రాత్రంతా పులియనివ్వండి. పెద్దవాళ్ళకైతే కరకరలాడేట్టు కాకుండా కాస్త మందంగా పోసి, మూతపెట్టి కాల్చండి.

ఇవన్నీ చేసిపెట్టాను. మామగారు తిన్నారు, "బాగుందమ్మా" అన్నారు. మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు.

తర్వాత ఆ ముగ్గురి ఇళ్ళ ఆడవాళ్ళం మాట్లాడుకుని, వారానికో ఇంట్లో నలుగురికీ టిఫిను అనుకున్నాం. రెండు వారాలు సాగింది. మూడో వారం మామగారు రానన్నారు. "వాళ్ళింట్లో తింటే బిల్లెవరు కట్టాలమ్మా?" అన్నారు. అదేం మాట అనిపిస్తుంది కదూ? ఆలోచిస్తే అందులో ఎంతో ఉంది. ఇంట్లో ఆయన పెట్టింది తినే మనిషి. హోటల్లో మాత్రం తన పెన్షను డబ్బు తీసి నలుగురి బిల్లు కట్టే పెద్దమనిషి. ఏది కావాలో తానే చెప్పుకునే మనిషి. ఉప్పు తక్కువైతే కోడలు నొచ్చుకుంటుందేమోనన్న బెంగ లేకుండా "ఉప్పు లేదయ్యా" అనగలిగే మనిషి. ఆ పెద్దరికాన్ని మనం వంటింట్లో వండిపెట్టలేం.

మీరు ఇలా చేసి చూడండి

మీ పేటలో కూడా పాత హోటలు మూతపడి, ఇంట్లో పెద్దాయన ముభావంగా ఉంటే, ముందు ఇంకో హోటలు వెతకండి. అది మీరే వెళ్ళి చూసి రండి. మేము చూసినవి ఇవి.

కుర్చీకి వీపు ఆనించే వీలుందా? ప్లాస్టిక్ స్టూళ్ళయితే వద్దు.

మెట్లు ఎన్ని? రెండు మించితే పట్టుకోడానికి కమ్మీ ఉండాలి.

మరుగుదొడ్డి ఉందా, నేల తడిగా ఉంటోందా? పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగరు, అది లేని చోటికి మళ్ళీ వెళ్ళరు, అంతే.

రద్దీ ఎప్పుడు తగ్గుతుంది? ఆఫీసులవాళ్ళు వెళ్ళిపోయాక పదిన్నర నుంచి పన్నెండు దాకా చాలా హోటళ్ళు ఖాళీగానే ఉంటాయి. ఆ వేళలో నలుగురు ముసలివాళ్ళు గంటసేపు కూర్చుంటే యజమానికీ నష్టం లేదు. మీరే వెళ్ళి ఒక మాట చెప్పి రండి.

షుగరు మందులు వేసుకునేవారికి వేళ మారితే ఇబ్బంది రావచ్చు. పొద్దున ఇంట్లో తినాల్సింది తినిపించి, అక్కడ కాఫీతో సరిపెట్టుకోమనండి. మందుల వేళలు మార్చాలంటే డాక్టరుని అడక్కుండా మార్చవద్దు.

ముఖ్యమైనది హాజరు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మీ వీధిలో ఉంటే, రోజూ ఒక వేళకి ఎవరు ఎవరికి ఫోను చేయాలో మీరంతా కూర్చుని అనుకోండి. ఎత్తకపోతే తలుపు తట్టేవాళ్ళెవరు, తాళం చెవి ఎవరి దగ్గరుంది అన్నది ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించుకోండి. మా నాలుగిళ్ళలోనూ ఆ కాగితం ఉంది.

మా ఇంటికి రెండు క్రాసుల అవతల ఒక చిన్న హోటలు దొరికింది. పేరున్నది కాదు. సాంబారు కూడా అంతంత మాత్రమే. మామగారు నెలరోజులు ఆ సాంబారుని తిడుతూనే వెళ్ళారు. ఇప్పుడూ తిడుతూనే వెళుతున్నారు, కాని వెళుతున్నారు! బ్యాంకు ఆయన వాకరు పట్టుకుని నెలకి ఒకటి రెండుసార్లు ఆటోలో వస్తారు. ఆయన వచ్చిన రోజు వీళ్ళు ఇల్లు చేరేసరికి పన్నెండున్నర అవుతుంది. వంట చల్లారిపోయినా నేను ఫోను చేసి పిలవను.

డెబ్భై ఏళ్ళ హోటళ్ళని నిలబెట్టడం మన చేతుల్లో లేదు. ఇంకా తెరిచి ఉన్నవాటిని ఆదుకోవడం మాత్రం కొంత మన చేతుల్లోనే ఉంది. మీ ఊళ్ళో అలాంటి హోటలు ఇప్పటికీ నడుస్తుంటే, ఈసారి పిండి పులియని రోజున గిన్నె ఇచ్చి పంపకండి. ఇంటి పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మీరే వెళ్ళండి, తొందరపడకుండా కూర్చుని తినండి. బిల్లు వచ్చాక మీ పర్సు తియ్యకండి. ఆయన జేబు తడుముకునేదాకా ఆగండి.