గజ్జి: వ్యాధి - పదం - నింద

కీలకపదాలు: గజ్జి, పామ, చర్మవ్యాధి, పదప్రయోగం, సామూహిక చికిత్స

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'గజ్జి' ఒక చర్మవ్యాధి పేరు. ఒక నింద కూడా. 'గజ్జికుక్క' అన్నది తిట్టు. 'కులగజ్జి' అన్నది కులదురభిమానాన్ని ఈసడించే సమకాలీన ప్రయోగం. రెండింటిలోనూ వ్యాధి అసహ్యానికి ప్రతీక అయింది. వాడుకలో గజ్జి, తామర ఒకే జంటగా వినిపిస్తాయి గాని, తామరకు కారణం శిలీంధ్రం. గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని పురుగు. గజ్జి స్వరూపాన్ని వివరించి, ఆ పదం మోస్తున్న నింద చికిత్సకు ఎలా అడ్డుపడుతున్నదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కారణ నిర్ధారణ

సాధారణంగా గజ్జితో సమన్వయించే 'పామ'ను చరకసంహిత పదకొండు క్షుద్రకుష్ఠాలలో ఒకటిగా లెక్కించింది. ఐరోపా వైద్యులు కూడా దీనిని చాలాకాలం శరీరంలోని ద్రవాల వికారంగానే భావించారు. 1687లో ఇటలీకి చెందిన బొనోమో, చెస్తోని సూక్ష్మదర్శినితో పురుగును పరిశీలించి, వ్యాధికి అదే కారణమని ప్రకటించారు. ఆ నిర్ణయం వెంటనే ఆమోదం పొందలేదు. 1834లో పారిస్‌లో కోర్సికా విద్యార్థి రెనూచి రోగి చర్మంనుండి సూదితో పురుగును తీసి చూపిన తరువాతనే వివాదం సద్దుమణిగింది.

3. వ్యాధి స్వరూపం

'సార్కాప్టిస్ స్కేబియై' అనే ఈ పురుగు సాలెపురుగుల వర్గానికి చెందినది. అర మిల్లీమీటరుకన్న చిన్నదైన ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తొలిచి, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. సాధారణ రోగి ఒంటిమీద ఉండే పురుగులు పది పదిహేనుకు మించవు. ఒళ్ళంతా దురద పుట్టించేది వాటి సంఖ్య కాదు. పురుగులకు, వాటి మలానికి, గుడ్లకు శరీరం చూపే ప్రతిచర్య. రాత్రివేళ దురద హెచ్చుతుంది. వేళ్ళ సందులు, మణికట్లు, నడుము, చంకలు దీనికి ప్రధాన స్థానాలు. గోకిన పుండ్లలో బాక్టీరియా చేరితే చీము పడుతుంది. కొందరిలో మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

తొలిసారి సోకినవారిలో దురద నాలుగు నుండి ఆరు వారాలకు గాని మొదలుకాదు. ఈలోగానే వ్యాధి ఇతరులకు సంక్రమించగలదు. కనుక దురద ఉన్నవారికి మాత్రమే మందు ఇస్తే వ్యాధి తిరిగి వస్తుంది.

4. నింద - చికిత్స

గజ్జి మురికివారికే వస్తుందన్న నమ్మకం శాస్త్రానికి నిలవదు. చర్మంలో దాగిన పురుగు స్నానంతో పోదు. 1941లో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్బీ స్వచ్ఛంద కార్యకర్తలపై ప్రయోగాలు చేశాడు. రోగులు వాడిన బట్టలు, దుప్పట్లు వాడినవారిలో వ్యాధి అరుదుగానే సోకింది. ప్రధాన మార్గం ఒంటికి ఒళ్ళు తగలడమేనని తేలింది. తల్లి పక్కన పడుకునే బిడ్డకు, ఇరుకు గదిలో చేరి పడుకునే వసతిగృహ విద్యార్థులకు ఇది సోకడం అపరిశుభ్రతకు గాక, సాన్నిహిత్యానికి, చోటు లేమికి గుర్తు. గజ్జికుక్క నుండి మనిషికి సోకే పురుగు సైతం వేరొక రకం. అది మనిషి ఒంటిపై వృద్ధిచెందదు.

చికిత్స కష్టమైనది కాదు. పర్మెత్రిన్ లేపనం గాని, ఐవర్‌మెక్టిన్ మాత్రలు గాని వైద్యుల సలహాతో వాడాలి. ఇంటిల్లిపాదీ, దురద లేనివారు సహా, ఒకేసారి వాడడం ముఖ్యం. ఫిజీలో ఐవర్‌మెక్టిన్‌ను ప్రజలందరికీ ఇచ్చిన ప్రాంతంలో వ్యాధి ఏడాదిలో 32 శాతం నుండి 2 శాతానికి తగ్గినట్లు 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది. కాని అందరూ కలిసి మందు వాడాలంటే, ముందుగా ఒకరు తనకు వ్యాధి ఉన్నదని చెప్పాలి. పేరే తిట్టయిన చోట ఆ మాట పెగలదు. రోగి దాచుకుంటాడు, దుకాణంలో దొరికిన స్టెరాయిడ్ లేపనం రాస్తాడు, దురద తాత్కాలికంగా అణగి, లక్షణాలు మరుగునపడి, పురుగు మిగులుతుంది.

5. ముగింపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ నిర్లక్ష్యంలో భాషకూ పాలున్నది. 'కులగజ్జి' అన్న ప్రయోగం ఒక సామాజిక దోషాన్ని ఖండిస్తున్నా, ఆ ఖండనకు కావలసిన ఏవగింపును రోగి ఒంటినుండే అరువు తెచ్చుకుంటున్నది. కులదురభిమానం మనిషి చేసే తప్పు. గజ్జి మనిషికి సోకే వ్యాధి. ఈ భేదాన్ని గుర్తించి పదాన్ని వాడడం రోగి నోరు విప్పడానికి తోడ్పడుతుంది.