గంజాయి ఆవిరి యంత్రములు – ఊపిరితిత్తుల రోగులు

ఉబ్బసము, దీర్ఘకాలపు శ్వాసనాళవ్యాధి గల కొందరు గంజాయి పొగకు బదులు యంత్రముతో దాని ఆవిరిని పీల్చుట మేలని తలచుచున్నారు. వైద్యావసరమునకు గంజాయిని కెనడా 2001లోను, జర్మనీ 2017లోను అనుమతించినవి. అచ్చట నివసించు మనవారికి ఈ సందేహము కలుగుట సహజము.

గంజాయి మండినపుడు తారు, కార్బన్ మోనాక్సైడు పుట్టును. యంత్రము దానిని మండనీయక సుమారు 180 నుండి 210 డిగ్రీల సెంటీగ్రేడు వరకే కాచును. అందుచే ఇవి చాలవరకు తగ్గును. కాని తగ్గుట వేరు, లేకుండుట వేరు. ఆ వేడి ఆవిరియే రోగి శ్వాసనాళములను రేపి దగ్గును, ఆయాసమును తెప్పింపగలదు. ఎండిన పూలలో బూజు ఉండిన, స్టెరాయిడ్లు వాడువారికి మరింత ప్రమాదము. కావున పీల్చుటకంటె నోటి మందు తగునా యని వైద్యుని ముందుగా అడుగవలెను.

వైద్యుడు యంత్రమునే సూచించినచో, వైద్యపరికరముగా అనుమతి పొందినది, వేడిని ఒక హద్దులో నిలుపునది, విప్పి శుభ్రపరుచుటకు వీలగునది ఎన్నుకొనవలెను. అంగడిలో దొరకు నూనె గొట్టములను దరిచేరనీయరాదు. 2019లో అమెరికాలో ఆవిరి పీల్చుటవలన ఊపిరితిత్తులు దెబ్బతిను వ్యాధి ప్రబలి, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించిరి. గంజాయి నూనెలలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేటుకు దీనితో గాఢసంబంధము కనబడినది. విటమిన్ ఇ తినుటకు మంచిదే. ఊపిరితిత్తులు కడుపు కావు గదా!

మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక గంజాయి కలిగియుండుట నేరము. 2019 నాటి చట్టము ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకమును నిషేధించినది.

ఇదివరకే అలవాటు పడినవారు ఆ సంగతి వైద్యునికి దాపరికము లేక చెప్పవలెను. వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మానరాదు. పీల్చిన పిదప ఆయాసము హెచ్చినను, రొమ్ము నొప్పి కలిగినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.