ఏసీ మార్చాలా... బాగు చేయించాలా?

కొనేటప్పుడు చూసేది ఒక్క బిల్లు. కట్టేది మాత్రం మూడు!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, విజయవాడలో ఓ అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఏసీ ఆగిపోయిందనుకోండి. 14 ఏళ్ల నాటి ఒకటిన్నర టన్ను మిషను. నిరుడు వేసవిలో ‘గ్యాస్ అయిపోయింది సార్’ అంటూ మెకానిక్ 3,500 రూపాయలు తీసుకున్నాడు. అంతకుముందు ఏడాదీ అంతే. ఈసారి చూసి పెదవి విరిచాడు. ‘కంప్రెసర్ పోయింది సార్. గ్యాస్‌తో కలిపి 18 వేలవుతుంది.’

‘ఏమండీ, ఇంకో ముప్పై వేలు వేస్తే కొత్తదే వచ్చేస్తుందిగా’ అంటుంది ఇల్లాలు. ‘మా రోజుల్లో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకునేవాళ్లం నాయనా’ అంటుంది బీపీ మాత్రలు వేసుకునే నాన్నమ్మ. కానీ చెమటలు కక్కుతోంది ముందు ఆవిడే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి పెద్దవాళ్లున్న ఇంట్లో ఏసీని సోకు కింద కొట్టిపారేయలేం. అలాగని ఉక్కపోతలో, తొందరలో, షోరూమువాడు చెప్పిందల్లా విని 50 వేలు ఖర్చుపెట్టడమూ తెలివైన పని కాదు.

మరేం చేయాలి? ముందు లెక్క చూసుకోవాలి!

గ్యాస్ ‘అయిపోదు’

స్కూటర్‌లో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ అయిపోదు. అది మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకెళ్తుంది. తగ్గిందీ అంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాటే. ఆ చిల్లు కనిపెట్టి మూయకుండా గ్యాస్ నింపితే, కన్నం పడిన కుండలో నీళ్లు పోసినట్టే. అందుకే ‘లీకు ఎక్కడుందో చూశావా’ అని మెకానిక్‌ని అడగాలి. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బునురుగుతో పరీక్షిస్తే చాలావరకు తెలిసిపోతుంది. రెండేళ్లు వరసగా గ్యాస్ నింపించిన ఆ ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏడు వేలు వృథా అయ్యేవి కావు. గ్యాస్ చాలక కంప్రెసర్ వేడెక్కి కాలిపోవడమూ తప్పేదేమో.

పాత మిషన్లకు ఇంకో చిక్కుంది. వాటిలో చాలావాటిలో ఉండేది ఆర్-22 రకం గ్యాస్. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనదేశమూ దాన్ని దశలవారీగా మానేస్తోంది. కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-32 వస్తోంది. పాత మిషనులో ఈ కొత్త గ్యాస్ పోయడం కుదరదు. పీడనం వేరు, నూనె వేరు, పైగా ఆర్-32కి కొద్దిగా మండే గుణం ఉంది.

మొదటి బిల్లు... దుకాణంలో

ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ధర స్టార్లను బట్టి, కంపెనీని బట్టి సుమారు 35 వేల నుంచి 50 వేల దాకా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే పన్నుతో కలిపి 40 వేలున్న మిషను 36,875కి రావాలి.

స్టార్ల దగ్గర మాత్రం జాగ్రత్త! ఏసీలకు ఈ గుర్తులు 2006లో మొదలయ్యాయి, 2010 నుంచి తప్పనిసరి అయ్యాయి. కొన్నేళ్లకోసారి ప్రమాణాలు పెంచుతూ వస్తున్నారు. 2010లో 5 స్టార్లు తెచ్చుకున్న మిషను ఇప్పటి లెక్కల్లో అడుగుకు పడిపోతుంది. 2026 జనవరి నుంచి నిబంధనలు మళ్లీ బిగిశాయి. కాబట్టి ఎన్ని నక్షత్రాలున్నాయో చూడటంతో ఆగకుండా, ఆ లేబుల్ ఏ సంవత్సరానిదో, ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో కూడా చదవాలి. ఆ యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క.

రెండో బిల్లు... గోడ దగ్గర

చాలామంది మరిచిపోయేది దీన్నే. బిగింపు కూలీ, బయటి యూనిట్‌కు స్టాండు, అదనంగా పట్టే రాగి గొట్టం, నీళ్లు పోయే పైపు, అవసరమైతే స్టెబిలైజర్... అన్నీ కలిపితే సునాయాసంగా ఐదారు వేలు దాటుతుంది. రాగి గొట్టం మీటరు లెక్కన కడతారు కనుక బయటి యూనిట్ ఎంత దూరమైతే జేబుకు అంత చిల్లు.

గోడలోపల గొట్టాలు పూడ్చిన అపార్ట్‌మెంట్లలో ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆర్-22 కాలం నాటి గొట్టం కొత్త గ్యాస్ ఒత్తిడికి ఆగుతుందో లేదో చూడాలి. ఆగకపోతే గోడైనా పగలగొట్టాలి, గొట్టాన్ని పైనుంచైనా తిప్పాలి. వైరింగు పాతదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తీగ మందం, ఎర్తింగ్, ఎంసీబీ పరీక్ష చేయించడం తప్పనిసరి. బిగించేటప్పుడు గొట్టాల్లోని గాలీ తేమా పోయేలా వాక్యూమ్ పంపు వాడుతున్నారో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

మూడో బిల్లు... నెలనెలా

పాత ఏసీ రాత్రికి 10 యూనిట్లు కాలిస్తే, కొత్త 5 స్టార్‌ది 6 యూనిట్లతో సరిపెట్టుకుంటుందని అనుకుందాం. నెలకు 120 యూనిట్ల ఆదా. ఏసీ లేకుండా 180 యూనిట్లు వాడే ఇంట్లో నెల వాడకం 480 నుంచి 360కి దిగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన ధరల ప్రకారం 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75 రూపాయలు. ఆ లెక్కన నెలకు మిగిలేది 1,130 రూపాయలు. నాలుగు నెలల వేసవికి 4,520.

ఇప్పుడు అసలు విషయం. కొత్తదానికి 45 వేలు, బిగింపుకి 6 వేలు... మొత్తం 51 వేలు. ఈ డబ్బు ఒక్క కరెంటు ఆదాతోనే తిరిగి రావాలంటే 11 ఏళ్లు పడుతుంది! అంటే బాగా నడుస్తున్న ఏసీని ‘కరెంటు మిగులుతుంది’ అన్న ఒక్కమాట మీద మార్చడం దండగే. అదే కంప్రెసర్ పోయి 18 వేల రిపేరు ఎదురుగా నిలబడితే లెక్క మారిపోతుంది. ఆ 18 వేలు, పాతదానికి వచ్చే నాలుగు వేలు తీసేస్తే కొత్తదానికి నిజంగా పెట్టే అదనం 29 వేలే. ఆరున్నరేళ్లలో అది తీరిపోతుంది.

స్థూలంగా గుర్తుంచుకోవాల్సింది ఇదీ... మిషను వయసు పదేళ్లు దాటి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి దగ్గరపడితే మార్చేయాలి. నాలుగైదేళ్లదైతే, పోయింది పీసీబీ బోర్డో కెపాసిటరో అయితే బాగు చేయించాలి. ముందుగా వారంటీ కార్డు తీసి చూడాలి. చాలా కంపెనీలు మిగతా భాగాలకంటే కంప్రెసర్‌కే ఎక్కువ ఏళ్లు ఇస్తాయి.

3 స్టారా, 5 స్టారా అన్నదీ వాడకాన్ని బట్టే. రెండింటికీ తేడా ఎనిమిది వేలు, రాత్రికి మిగిలేది ఒకటిన్నర యూనిట్లు అనుకుంటే నాలుగు నెలలు వాడేవాళ్లకు ఆ తేడా అయిదేళ్లలో తిరిగొస్తుంది. రెండు నెలలే వాడేవాళ్లకు పదేళ్లు పడుతుంది.

కొనేముందు డాబా ఎక్కండి

పై అంతస్తు వాళ్లు టన్ను చాలదని రెండు టన్నులకు వెళ్తుంటారు. ముందు డాబా మీద సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయించి చూస్తే మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. పడమటి కిటికీకి మందపాటి తెర, తలుపు సందులు మూయడం, 24 డిగ్రీల మీద ఫ్యాను... ఇవన్నీ చిన్న ఖర్చులే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది.

ఇంతకీ ఆ విజయవాడ ఇంటివాళ్లేం చేయాలి? 14 ఏళ్ల మిషను, ఆర్-22 గ్యాస్, రెండేళ్లుగా లీకు, ఇప్పుడు కంప్రెసర్... వాళ్లు మార్చడమే మేలు. కాకపోతే మే నెలలో మార్చడం వల్ల బేరమాడే వీలుండదు, బిగించేవాళ్లు నాలుగురోజులదాకా దొరకరు. ఆ నాలుగు రాత్రులూ నాన్నమ్మ పక్కన తడిగుడ్డతో, విసనకర్రతో కూర్చోవాల్సిందే.

శివరాత్రికి చలి వెళ్లిపోతుందంటారు కదా. మరుసటి రోజే ఏసీని ఓ గంటసేపు వేసి చూస్తే సరి. రోగం అప్పుడే బయటపడితే మూడు బిల్లులూ తీరిగ్గా లెక్క వేసుకునే వ్యవధి ఉంటుంది!