నాకు మంచి చేసిన గ్లాసు ఆమెకు కాదు

ఈ తూరి నేను రాసేది నలుగురిలో చెప్పుకోను సిగ్గుపడే సంగతి. మలబద్ధకం. సిగ్గని దాచిపెట్టబట్టే మనలో శానా మంది దీంతో కష్టపడతా ఉండాము.

ముప్పై ఏండ్లకు పైన రింగు ఫ్రేముల కాడ నిలబడినాను. ఆ ఉక్కలో ఒళ్ళంతా చెమట. నీళ్ళు తాగితే బయటికి పోవాల, పోతే దారాలు తెగి కూర్చుంటాయి. అందుకని నీళ్ళే తగ్గించినాము. ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. కడుపుకు ఒక వేళంటూ లేకుండా పోయింది. రిటైరైనా ఆ అలవాటు నన్ను వదల్లేదు. అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుళ్ళో పాత స్నేహితులు కలిస్తే, మాటలు యాడ మొదలుపెట్టినా ఈడికే వస్తాయి.

మద్రాసులో పని చేసే మనవడు ఒక సీసా తెచ్చినాడు. ప్రూన్ జ్యూసంట. ప్రూన్ అంటే ఏందో కాదు, బిర్యానీలో వేసే ఆల్‌బుకారా మాదిరి ఎండబెట్టిన పండే. దాన్ని నీళ్ళలో ఉడికించి వడకట్టిన రసం ఇది. చింతపండు, బెల్లం కలిపినట్టు నల్లంగా, తియ్యంగా ఉంటుంది. బాగుండాదని రాత్రి పెద్ద చెంబు నిండా తాగేసినాను. తెల్లారితే ఆడికృత్తిక. రైలెక్కి తిరుత్తణి పోయి మెట్లెక్కడం మొదలుపెట్టినాను. ఉండేది 365 మెట్లు. నూరు కూడా ఎక్కలేదు, కడుపు గుడగుడమనింది. అందరూ మురుగా మురుగా అంటా ఉంటే నేను మాత్రం కక్కసు యాడ అని అడగతా కిందికి దిగినాను.

తర్వాత డాక్టరమ్మను అడిగితే నవ్వి, విడమరిచి చెప్పింది. ఈ పండులో సార్బిటాల్ అనే ఒక తీపి ఉంటుంది. అది సగం అరగకుండానే పెద్దపేగుకు పోయి, ఆడికి నీళ్ళు లాగుతుంది. దాంతో మలం మెత్తబడుతుంది. పేగులోని సూక్ష్మజీవులు ఆ తీపిని పులియబెడితే గ్యాసు, ఉబ్బరం వస్తాయి. ఎక్కువ తాగితే విరేచనాలే. అందుకని మొదట అర గ్లాసుకు మించకూడదు, అంటే నూరు మిల్లీలీటర్లు. రెండు మూడు దినాలు చూసుకుని, చాలకపోతే కొంచెం పెంచాల.

రసం కంటే పండు మేలని కూడా చెప్పింది. వడకట్టినప్పుడు పీచు శానా వరకు పిప్పిలోనే పోతుందంట. 2011లో అమెరికాలో అయోవా డాక్టర్లు 40 మందికి దినానికి నూరు గ్రాముల పండ్లు రెండు పూటలుగా ఇచ్చి చూసినారని మనవడు చదివి చెప్పినాడు. మనం వాడే ఇసబ్‌గోల్ కంటే అవే బాగా పని చేసినాయంట. అయితే అది పండ్ల సంగతి, రసం సంగతి కాదు.

నాకు అర గ్లాసుతో సుఖమైంది. ఇంక నా ఇంటామెకు కూడా ఇద్దామనుకున్నాను. ఆమెకు కిడ్నీలు బాగలేవు, కాళ్ళకు నీరు. మాత్రలకు మలం గట్టిపడి కష్టపడతా ఉంది. పాపం, సుఖపడుతుందని గ్లాసు నిండా పోసి చేతికిచ్చినాను. ఆ పొద్దుకు కూతురు ఇంట్లో ఉంది.

"నాయనా, అమ్మ రక్తపరీక్ష చీటీ చూసినావా? కొబ్బరినీళ్ళే వద్దన్నారు గదా!" అని గ్లాసు పెరుక్కునింది.

డాక్టరమ్మకు ఫోను చేస్తే, "పెద్దాయనా, మీ కూతురు మంచి పని చేసింది" అన్నది. నూరు మిల్లీల రసంలో సుమారు 270 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందంట. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు, రక్తంలో నిలిచిపోతుంది. మితిమీరితే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. ఆ మాటకు నా చేతులు వణికినాయి. నలభై ఏండ్లు నాతో కాపురం చేసిన మనిషికి, ప్రేమతోనే నేను ఇవ్వబోయింది అది. ఆమెకు డాక్టరమ్మ వేరే మందు రాసిచ్చింది.

చక్కెర జబ్బున్నోళ్ళు కూడా జాగర్త. చక్కెర కలపలేదని సీసా మీద ఉన్నా, పండు తీపే నూరు మిల్లీలకు 16 గ్రాముల దాకా ఉంటుంది.

సీసా కొనలేకపోతే బాధ పడబల్లేదు. జామపండు, ఆకుకూర, రాగిసంగటి, చాలినన్ని నీళ్ళు, పొద్దున ఒకే వేళకు పోయే అలవాటు. ఇవి చాలా మందికి సరిపోతాయి. కిడ్నీ జబ్బున్నోళ్ళు మాత్రం వీటిని కూడా, నీళ్ళను కూడా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే తీసుకోవాల.

మలంలో రక్తం పడినా, ఒళ్ళు తగ్గిపోతా ఉన్నా, వయసు మళ్ళినాక కడుపు పద్ధతి కొత్తగా మారినా ఏ రసమూ తాగతా కూర్చోవద్దు. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఆ గంటకే ఆసుపత్రికి పోండి.

వీరరాఘవుడి కొలనులో బెల్లం వేసి మొక్కుకుందాం, తప్పు లేదు. డాక్టరు ముందర మాత్రం సిగ్గు పడకుండా ఉన్నదున్నట్టు చెబుదాం. పక్కింటోళ్ళకు కుదిరిందని మన ఇంట్లో పోసే ముందు, చీటీ ఒకసారి చూద్దాం.